గోడకు పిండికట్టు

టెక్సస్ రాష్ట్రం ప్లేనోలో ఒక తెలుగింట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు బడి నుంచి వస్తూనే పడకగది తలుపును ఒక్క తోపు తోశాడు. తలుపు పిడి నేరుగా పోయి వెనక గోడలో దిగబడింది. తలుపు ఇవతలికి లాగి చూస్తే నారింజకాయ పట్టేంత కన్నం, దాని లోపల చీకటి. నంద్యాల దగ్గరి పల్లె నుంచి ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన తాత అందరికంటే ముందు అక్కడికి చేరాడు. కన్నంలో వేలు పెట్టి చూశాడు. పక్కనే వేలి కణుపులతో తట్టి చూశాడు. డొల్ల చప్పుడు.

"ఏందిరా ఇది, గోడా, అట్టపెట్టెనా?"

"ఇక్కడ అందరి ఇండ్లూ ఇంతే నాయనా. శనివారం నేనే పూడుస్తాలే" అన్నాడు కొడుకు.

ఆ పెద్దాయనకు నమ్మకం కుదరలేదు. ఊళ్లో ఆయన ఇల్లు నాపరాళ్లతో కట్టింది, గోడ మందం రెండడుగులు, పైన చౌడు పరిచిన మిద్దె. అలాంటి గోడకు కన్నం వేయాలంటే గునపం పట్టిన దొంగకు కూడా సగం రాత్రి గడిచిపోతుంది. ఇక్కడ మూడో క్లాసు చదివే మనవడు రెప్పపాటులో వేసేశాడు.

అమెరికాలో ఎక్కువ ఇళ్ల లోపలి గోడలు ఇలాంటివే. దాదాపు 16 అంగుళాలకొకటిగా నిలబెట్టిన చెక్క నిట్టాడులు, వాటికి రెండు వైపులా స్క్రూలతో బిగించిన జిప్సం పలకలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోనే కరెంటు తీగలు, నీళ్ల పైపులు పోతాయి. పలక మామూలుగా నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అరంగుళం మందం ఉంటుంది. రెండు దళసరి కాగితాల నడుమ జిప్సం ముద్ద, అంతే. హైదరాబాదులో ఫాల్స్ సీలింగ్‌కు వాడే బోర్డుకు ఇది సొంత అన్న. దేవుడి పటం తగిలించబోయి, మేకు లోపలికి జారిపోయి, ఆనక నిట్టాడు ఎక్కడుందో పసిగట్టే స్టడ్ ఫైండర్ కొనుక్కోవడం కొత్తగా ఇల్లు కొన్నవాళ్లందరికీ జరిగే ముచ్చట. గోడలకు చెవులుంటాయన్న మాట అక్కడ సామెత కాదు, వాస్తవ వివరణ.

దీనికి 'డ్రైవాల్', అంటే 'పొడి గోడ' అని పేరు రావడం ఒక తమాషా. జిప్సం అనే ఖనిజం బరువులో దాదాపు ఐదో వంతు నీరే. ఆ నీరు తడిగా తగలదు, స్ఫటికంలో బంధించబడి ఉంటుంది. ఇంటికి నిప్పంటుకుంటే ముందు ఆ నీరు ఆవిరై పోవాలి. అది పోయేదాకా గోడ అవతలి వైపు వేడి పెద్దగా పెరగదు. గుద్దితే చిల్లుపడే ఈ గోడ మంటను మాత్రం చాలాసేపు నిలువరిస్తుంది. పొడి అన్న పేరు గోడ గుణాన్ని బట్టి వచ్చింది కాదు, కట్టే పద్ధతిని బట్టి వచ్చింది. అంతకుముందు గోడలన్నీ తడిపని.

ఆ తడిపని సంగతి తాతకు చెబితే వెంటనే అర్థమైంది. నిట్టాడులకు అడ్డంగా సన్నటి చెక్క బద్దలు సందులిచ్చి కొట్టేవారు. వాటి మీద సున్నపు గార మెత్తితే కొంత సందుల్లోంచి అవతలికి జారి కొక్కెంలా పట్టుకునేది. ఒక పూత, అది ఆరాక ఇంకొకటి, దానిమీద నున్నటి మూడోది. మొత్తం ఆరడానికి వారాలు. గారలో పశువుల వెంట్రుకలు కూడా కలిపేవారు. మన పల్లెల్లో తడిక మీద మట్టి మెత్తేటప్పుడు అందులో వరిగడ్డి ముక్కలు కలపడం కూడా ఇందుకే. మట్టి, సున్నం, జిప్సం అన్నిటికీ ఒకటే బలహీనత. మీద బరువు పెడితే బాగానే మోస్తాయి, అటూ ఇటూ లాగితే విరుగుతాయి. లాగుడును తట్టుకోవడానికి వాటికి ఒక నార కావాలి.

1894లో ఆగస్టీన్ సాకెట్ అనే అమెరికన్ కాగితాల మధ్య ప్లాస్టర్ పేర్చిన పలకకు పేటెంటు తీసుకున్నాడు. గారకు అడుగున చెక్క బద్దల బదులుగా వాడుకోవడానికి చేసినది అది. యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ 1909లో ఆయన వ్యాపారాన్ని కొనుక్కుంది. కొన్నేళ్లకు 'షీట్‌రాక్' పేరుతో పలకలు అమ్మడం మొదలుపెట్టింది. జనం మొదట్లో మొహం చాటేశారు. గార గోడ గౌరవం అట్ట గోడకు ఎక్కడిది? రెండో ప్రపంచ యుద్ధం ఆ గౌరవాన్ని పక్కన పెట్టించింది. పనివాళ్లు దొరక్కపోవడం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు తొందరగా ఇళ్లు కావలసిరావడం రెండూ కలిసొచ్చాయి. 1947లో న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్ అనే కాలనీ మొదలై నాలుగైదేళ్లలో 17,000 పైచిలుకు ఇళ్లు లేచాయి. అన్నిటి లోపలా ఈ పలకలే. వారాల తరబడి ఆరే గారకు అక్కడ టైము లేదు.

పలకలు బిగిస్తే గోడ లేచింది గానీ, పలకకూ పలకకూ మధ్య సందు మిగిలింది. ఆ సందులో ఊరికే ముద్ద నింపి వదిలేస్తే కొన్నాళ్లకు నిలువుగా గీత పడుతుంది. అందుకని సందు మీద పట్టీ అంటించి, దానిమీద ముద్ద పూసి, ఎండాక గీకి నునుపు చేస్తారు. కొత్త ఇంట్లోకి పాలు పొంగించి అడుగుపెట్టిన కుటుంబం చూసే నున్నటి గోడలన్నీ నిజానికి నిలువునా అడ్డంగా పట్టీలు వేసినవే. ప్లేనో ఇంట్లో మొదటి కట్టు మనవడి పుణ్యమా అని వచ్చింది కాదు. ఆ ఇల్లు కట్లతోనే పుట్టింది.

కట్టు అనే మాట ఇక్కడ అలంకారం కోసం వేసింది కాదు. 1851 ప్రాంతంలో ఆంటోనియస్ మాతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు నూలుగుడ్డ పట్టీలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి రుద్ది, తడిపి, విరిగిన కాళ్లకూ చేతులకూ చుట్టాడు. కాసేపట్లో గట్టిపడే ఆ చుట్టే ఇవాళ మనం పిండికట్టు అంటున్నది. ఆ పిండి జిప్సంను కాల్చి తీసిందే. 150 డిగ్రీల దాకా వేడిచేస్తే జిప్సంలోని నీటిలో మూడు వంతులు పోయి పొడి మిగులుతుంది. మళ్లీ నీళ్లు తగిలితే పోయిన నీటిని తిరిగి పీల్చుకుని రాయవుతుంది. అల్లిక గుడ్డ, జిప్సం పిండి, నీళ్లు. గోడ మీది కన్నానికి వాడే సరుకు కూడా అదే. నూలుగుడ్డ స్థానంలో గాజునార జాలీ వచ్చింది, ఒకవైపు జిగురుంటుంది, వెడల్పు దాదాపు రెండంగుళాలు. మెష్ టేపు అంటే అదే. కనక గోడకు చేసేది పూతపని అనడం కంటే ఎముకల వైద్యం అనడమే దగ్గర.

ఒక్క తేడా ఉంది. పుత్తూరు కట్టులో పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు ఉంటాయి. ఆస్పత్రి కట్టులో జిప్సం ఉంటుంది. ఏది వేసినా ఎముకను అతికించేది ఆ కట్టు కాదు. ఎముక తనంతట తనే అతుక్కుంటుంది, కట్టు దాన్ని కదలనివ్వకుండా పట్టుకుంటుంది. నెలా రెండు నెలలకు విప్పి పారేస్తారు. గోడకు ఆ ప్రాణం లేదు. దాని విరుగు ఎన్నేళ్లయినా అతుక్కోదు. అందుకే గోడ మీది కట్టు ఎన్నటికీ విప్పరు. దానికి రంగు వేసి, ఇదే గోడ అనుకోమంటారు.

శనివారం పొద్దున కొడుకు గ్యారేజీలోంచి సామాను తెచ్చాడు. నారింజకాయంత కన్నాన్ని అలాగే పూడ్చడానికి లేదు. నింపిన ముద్ద నిలబడటానికి వెనక ఏమీ లేదు కదా. మొదట చెయ్యాల్సింది కన్నాన్ని పెద్దది చేయడం. చిన్న రంపంతో, లోపల తీగలూ పైపులూ ఉన్నాయేమో చూసుకుంటూ, గుండ్రటి దాన్ని చదరం చేశాడు. "పూడుస్తానని పెద్దది చేస్తావేందిరా" అన్నాడు తాత. ఒక చెక్క బద్దను కన్నంలోంచి లోపలికి దూర్చి, అడ్డంగా నిలిపి, అటూ ఇటూ గోడలోంచి స్క్రూలు దించాడు. ఆ బద్దకు కొత్త పలక ముక్కను బిగించాడు. ఇప్పుడు కన్నం లేదు, దాని చుట్టూ నాలుగు సందులున్నాయి. వాటిమీద మెష్ టేపు అంటించాడు.

తర్వాత ముద్ద. అమెరికాలో ఈ పనివాళ్లంతా దీన్ని 'మడ్' అంటారని కొడుకు చెబితే తాత నవ్వాడు. ఇన్ని యంత్రాల దేశంలోనూ గోడకు చివరికి మట్టే కావలసి వచ్చింది. మన పెయింటర్లు లప్పం అనేది దీనికి దగ్గరి చుట్టం. ముద్దలో రెండు రకాలున్నాయి. డబ్బాలో కలిపి అమ్మేది నీరు ఆవిరై ఎండుతుంది, ఎండుతూ కుంచించుకుపోతుంది. సంచిలో పొడిగా అమ్మేది నీళ్లు కలిపితే రసాయన చర్యతో గడ్డకడుతుంది, కుంచించుకోవడం చాలా తక్కువ. సంచి మీద 20, 45, 90 అని అంకెలుంటాయి. గట్టిపడేలోపు చేతిలో ఉన్న నిమిషాలు అవి, కొంచెం అటూ ఇటూగా. జాలీ మీద మొదటి పూతకు ఈ రెండో రకమే వాడాలి. టేపు పని చేసినా మళ్లీ గీత పడిందని వాపోయేవాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే ఉంటుంది. సులువుగా ఉంది కదా అని డబ్బా ముద్ద పూసేస్తారు.

కలిపే బకెట్టు గురించి ఒక చిన్న సంగతి. పాత ముద్ద పెచ్చులు అడుగున అంటుకుని ఉండగా కొత్తది కలిపితే, 45 నిమిషాలు ఆగాల్సింది పావుగంటలో బిగుసుకుపోతుంది. గట్టిపడిన జిప్సం స్ఫటికాలు కొత్తవాటికి విత్తనాల్లా పనిచేస్తాయి. అచ్చం పాలలో తోడు వేసినట్టే. కొడుకుకు ఆ సంగతి తెలియక మొదటి బకెట్టు మొత్తం రాయయ్యింది. వంటింట్లోంచి చూస్తున్న కోడలు, పెరుగు గిన్నె కడగకుండా పాలు పోస్తే ఏమవుతుందో తనను అడిగి ఉంటే చెప్పేదాన్నని అంది.

పేపర్ టేపు మంచిదా, మెష్ టేపు మంచిదా అన్న వాదం ఈ పనిలో ఉన్నవాళ్ల మధ్య ఆవకాయలో నువ్వుల నూనెనా, వేరుశనగ నూనెనా అన్నంత తెగని వాదం. కాగితం సాగదు, పలచగా ఉంటుంది, మధ్యలో మడత గీత ఉంటుంది కాబట్టి గోడల మూలల్లో చక్కగా కూర్చుంటుంది. కానీ దాన్ని తడి ముద్దలో పరిచి, గాలి బుడగలు లేకుండా గీయడం చెయ్యి తిరిగినవాళ్ల పని. జాలీ తనే అంటుకుంటుంది, బుడగలు రావు, కాకపోతే కాగితం కంటే మందం. న్యాయంగా చెప్పాలంటే మూలలకు కాగితం, ఇంట్లోవాళ్లు సొంతంగా వేసుకునే అతుకులకు జాలీ. ఇందులో పంతాలకు పోయేది ఎక్కువగా ఒకటే రకం వాడి అలవాటుపడినవాళ్లు.

అసలు విద్య మొదటి పూత తర్వాత మొదలవుతుంది. టేపు, దాని మీది ముద్ద కలిసి గోడ మీద ఒక ఉబ్బు లేస్తుంది. తాత దాన్ని గీకి చదును చేయమన్నాడు. గీకితే టేపు నారలు బయటపడతాయి. ఉబ్బును తీసేయడానికి లేదు, దాన్ని దాచాలి. దాచేది ఎలాగంటే, ఇంకా పెంచి. ఆరంగుళాల కత్తితో ఒక పూత, పదంగుళాల కత్తితో ఇంకాస్త దూరం, పన్నెండంగుళాలతో మరింత దూరం, అంచులు ప్రతిసారీ శూన్యంలోకి కలిసిపోయేలా. నారింజకాయంత కన్నం మీద పూత చివరికి పెద్ద పీటంత వెడల్పయింది. ఆ గోడ ఇప్పటికీ చదును కాదు. అక్కడొక దిబ్బ ఉంది. దాని వాలు ఎంత మెల్లిగా దిగుతుందంటే కన్ను దాన్ని వాలుగా గుర్తుపట్టలేదు. మిద్దె మీద చౌడు పరిచి, వాననీరు దొనెవైపు జారేలా కంటికి తెలియని ఏటవాలు తీయడం తెలిసిన మనిషి కాబట్టి తాతకు ఇదొక్కటి బాగా నచ్చింది. కత్తి అడిగి తీసుకుని మూడో పూత తనే లాగాడు.

ఆ వాలును పట్టించేది ఒక్క వెలుతురే. టార్చి లైటును గోడకు ఆనించి పక్కనుంచి వేస్తే నునుపనుకున్న గోడ మీద గుట్టలూ లోయలూ నీడలతో సహా లేస్తాయి. ఉప్పుకాగితం పట్టేముందు, పట్టాక, పనివాళ్లు ఇలాగే చూసుకుంటారు. రుద్దేటప్పుడు లేచే దుమ్ము పిండిలా మెత్తగా ఉండి ఇల్లంతా పరుచుకుంటుంది. ముక్కుకు మాస్కు తప్పదు. పాత ఇళ్లయితే మరీ జాగ్రత్త. ఒకప్పుడు ఈ ముద్దల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు, అమెరికా ప్రభుత్వం 1977లో దాన్ని నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇంట్లో గోడ గీకే ముందు పరీక్ష చేయించుకోవాలి.

గోడ నునుపు అయ్యాక ఇంకో చిక్కు. టెక్సస్‌లో చాలా ఇళ్ల గోడలు నునుపుగా ఉండవు. కమలాపండు తొక్కలాంటి గరుకు తుంపర చల్లి ఉంటాయి, దాన్ని 'ఆరెంజ్ పీల్' అనే పిలుస్తారు. అతుకుల లోపాలు కనపడకుండా ఉండటానికి ఈ గరుకు బాగా పనికొస్తుంది. ఇన్ని తంటాలు పడి నునుపు చేసిన చోట మళ్లీ డబ్బాతో తుంపర కొట్టి గరుకు చెయ్యాలి. పాత తుంపర గింజ ఎంతుందో కొత్తది అంతే పడటం అదృష్టం. మూడుసార్లు కొట్టి, మూడుసార్లు తడిగుడ్డతో తుడిచేశాక నాలుగోది కుదిరింది. ప్రైమరు వేయకుండా రంగు వేస్తే ముద్ద ఉన్నచోట రంగు పీల్చుకుని మెరుపు తేడాగా, మచ్చలా కనిపిస్తుంది. కొడుకు ఆ తప్పు మాత్రం చెయ్యలేదు.

ఇన్ని గంటలు ఆ గదిలో కూర్చోవడంతో తాత కన్ను ఇంకోచోట పడింది. తలుపు చట్రం పై మూల నుంచి పైకప్పు వైపు ఏటవాలుగా సన్నటి పగులు. కిటికీ మూల దగ్గర ఇంకొకటి. ఇవి పిల్లవాడి పని కాదు. ఆయన బయటికి వెళ్లి ఇంటి చుట్టూ తిరిగాడు. ఆగస్టు నెల, వానలు లేవు. పునాది పక్కన నేల గోడను వదిలి అంగుళం దూరం జరిగింది. పచ్చిక అంచున నెర్రెలు. వంగి ఒక పెడ్డ తీసి నలిపి చూసి, "ఇది మన నల్లరేగడి కదరా" అన్నాడు.

ఆయన అన్నది నిజం. కుందూ లోయలో పత్తీ శనగా పండే రేగడి, డల్లాస్ చుట్టుపక్కల బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అనే నల్లనేల రెండూ నేలల శాస్త్రంలో ఒకటే జాతి. వెర్టిసాల్స్ అంటారు. టెక్సస్ రాష్ట్ర నేల అని చెప్పేది హ్యూస్టన్ బ్లాక్ అనే ఈ రకాన్నే. ఇందులోని బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది. పైమట్టి ఆ నెర్రెల్లో పడుతుంది, వానలకు కిందిమట్టి పైకి తన్నుకొస్తుంది. తనను తానే దున్నుకునే నేల. సేద్యానికి బంగారం, ఇంటికి శత్రువు. మీద ఉన్న ఇల్లు ఏటా కొంచెం లేచి కొంచెం కుంగుతుంది. ఆ లాగుడు గోడలో తలుపూ కిటికీ మూలల దగ్గర పోగుపడుతుంది. మొదట అక్కడే చిట్లుతుంది, తలుపు పట్టేస్తుంది.

దీనికి మన దేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్లు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన పైల్ పునాదిని తయారుచేశారు. ఎండా వానా తాకని లోతులో ఆ ఉబ్బు నేలను పట్టుకుంటుంది. టెక్సస్‌లో ఇంటి కింద కాంక్రీటు పలకలో ఉక్కు తీగలు పెట్టి, తర్వాత వాటిని బిగించి, ఇల్లు మొత్తం ఒకే తెప్పలా కదిలేలా చేస్తారు. అది చాలక వేసవిలో పునాదికి నీళ్లు పెడతారు. ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి, నేల ఎండి ముడుచుకోకుండా తడుపుతూ ఉంటారు. చేనికి నీళ్లు కట్టడం ఎరిగిన తాత, ఇంటికి నీళ్లు కట్టడం మొదటిసారి విన్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆ కుళాయి తిప్పే పని ఆయనదే.

గదిలోని ఆ పగుళ్లకు కూడా మెష్ టేపే వేశారు. పగులును కత్తితో కాస్త వెడల్పు చేసి, ముద్ద నింపి, పగులు పొడుగునా టేపు పరిచి. నేల కదలిక ఆగితే అది నిలుస్తుంది. ఆగకపోతే టేపు నిలుస్తుంది గానీ పక్కనే కొత్త గీత వస్తుంది. పగులు పావు అంగుళం దాటితే లప్పం మాట మరిచిపోయి ఇంజనీరును పిలవాలి. దీన్ని అమెరికా గోడల బలహీనత అనుకోనక్కర్లేదు. హైదరాబాదు అపార్టుమెంట్లలో కాంక్రీటు దూలం, ఇటుక గోడ కలిసేచోట అడ్డంగా పడే గీత అందరికీ తెలుసు. రెండూ ఎండకు వేర్వేరుగా సాగుతాయి మరి. మంచి మేస్త్రీ ప్లాస్టరింగుకు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ కొట్టిస్తాడు. ఖర్చు కలిసొస్తుందని మానేస్తే, కొత్త ఫ్లాట్‌లో చేరినవాళ్లు మొదటి వేసవికే ఆ గీతను లెక్కపెట్టుకుంటారు.

ఈ పనిని బతుకుతెరువుగా చేసేవాళ్లను గురించి ఒక మాట. అమెరికాలో డ్రైవాల్ పనివాళ్లలో చాలామంది లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లు. 1992లో దక్షిణ కాలిఫోర్నియాలో పలకలు బిగించే కార్మికులు, ఎక్కువమంది మెక్సికోవాళ్లు, కూలి రేట్ల కోసం సమ్మెకు దిగి నెలల తరబడి ఇళ్ల పనులు నిలిపేశారు. ముందుండి నడిపినవాళ్లలో చాలామందికి సొంతూరు ఒకటే, ఎల్ మగేయ్ అనే పల్లె. ఒక ఊరు ఒక పనిని మోసుకుని దేశం దాటడం పాలమూరు మట్టిపనివాళ్లను ఎరిగిన తెలుగువాళ్లకు వింత కాదు. కన్నం ఎక్కడుండేదో ఎవరూ కనిపెట్టలేని గోడ వెనక చెయ్యి ఎవరిదో కూడా ఎవరూ అడగరు.

ప్లేనో ఇంట్లో రెండో శనివారానికి రంగు ఆరింది. రాత్రి తాత టార్చి పట్టుకుని వచ్చి గోడకు ఆనించి వేశాడు. తను లాగిన మూడో పూత దగ్గర ఒకచోట దిబ్బ కాస్త ఎక్కువైంది. కొడుకును పిలిచి చూపించలేదు. టార్చి ఆర్పేసి వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు కొడుకు తలుపు కింద, గోడ అంచు చెక్కకు ఒక డోర్ స్టాపర్ బిగించాడు. రబ్బరు టోపీ ఉన్న స్ప్రింగు, పది రోజుల పనిలో అన్నిటికంటే చవకైన వస్తువు. మనవడు దాన్ని వేలితో మీటి చూశాడు. డ్ర్ర్ర్ర్ మని చాలాసేపు మోగింది. ఆ సాయంత్రం లోపు ఇంట్లో అన్ని తలుపులకూ అలాంటివి కావాలని పేచీ మొదలుపెట్టాడు.